వేడుక తేదీ ముందే చెప్పండి, తిరుగు బస్సు చూపండి: హైదరాబాద్ నగర అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన నగరపాలక, పర్యాటక, రవాణా, పోలీసు శాఖల ఉన్నతాధికారులకు నమస్కారం.

మేము అంబర్‌పేట, రామ్‌నగర్, విద్యానగర్, చిక్కడపల్లి ప్రాంతాల్లో నివసించే చిరుద్యోగులం, చిన్న వ్యాపారులం, పింఛనుదారులం, గృహిణులం. మాలో సొంత కారు ఉన్నవాళ్లు తక్కువ. నగరంలో జరిగే ఉత్సవాలకు, ప్రదర్శనలకు పిల్లలను, ముసలివాళ్లను వెంటబెట్టుకుని వెళ్లినప్పుడు ఎదురయ్యే ఇబ్బందులను వివరిస్తూ ఒక వినతిపత్రం రాసి, సంతకాలు సేకరించి, ఒక కార్యాలయంలో సమర్పించాం. ముద్ర వేసిన రసీదు చేతికి ఇచ్చారు. ఆ తర్వాత అడగడానికి వెళితే, ఈ విషయం తమ శాఖ పరిధిలోకి రాదని ఒక గదిలో, ఫైలు పై అధికారి దగ్గర ఉందని మరో గదిలో చెప్పారే గాని, రాతపూర్వకంగా ఒక్క వాక్యమైనా జవాబు రాలేదు. వేడుక జరిపేది ఒక శాఖ, అందుకోసం రోడ్డు మూసేది మరో శాఖ, బస్సు నడిపేది ఇంకో సంస్థ, తోపుడు బండ్లను తీయించేది వేరే విభాగం కావడం వల్ల మా అర్జీ ఎవరి బల్ల మీదా నిలవలేదని అర్థమైంది. అందుకే అందరినీ ఒకేచోట సంబోధిస్తూ, నగర ప్రజలందరికీ తెలిసేలా ఈ లేఖ రాస్తున్నాం.

బోనాలకు, నిమజ్జనానికి, రంజాన్ రాత్రులకు మీ సిబ్బంది నిద్ర మాని పనిచేయడం మేము చూస్తూనే ఉన్నాం. ఆ శ్రమ మీద మాకు గౌరవం ఉంది. ఫిర్యాదు ఆ శ్రమ గురించి కాదు.

ఈ నగరానికి వేడుకల కొరత లేదు. జనవరిలో నాంపల్లి నుమాయిష్, సంక్రాంతికి సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో గాలిపటాల పండుగ, రంజాన్ మాసంలో చార్మినార్ చుట్టూ తెల్లవారే దాకా సాగే బజారు, ఆషాఢంలో గోల్కొండ జగదాంబ దగ్గర మొదలై సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి, లాల్‌దర్వాజా సింహవాహిని ఆలయాల మీదుగా సాగే బోనాలు, భాద్రపదంలో ఖైరతాబాద్ గణపతి, ఆశ్వయుజంలో ట్యాంక్‌బండ్ మీద సద్దుల బతుకమ్మ, డిసెంబరులో ఎన్టీఆర్ స్టేడియంలో పుస్తక ప్రదర్శన, వీటన్నిటి నడుమ ఏడాది పొడవునా రవీంద్రభారతిలోనూ త్యాగరాయ గానసభలోనూ జరిగే నాటకాలు, కచేరీలు, సాహిత్య సభలు ఉన్నాయి. వీటిలో చాలావాటికి టికెట్టే ఉండదు. సినిమాకు వెళ్లాలన్నా, మాల్‌లో పిల్లలను ఆడించాలన్నా వందల రూపాయలు ఖర్చయ్యే ఈ రోజుల్లో, ఖర్చు లేకుండా ఒక సాయంత్రం గడపగల చోట్లు ఇన్ని ఉండడం ఈ ఊరి అదృష్టం. కొరత ఉన్నదల్లా ఆ చోటికి వేళకు చేరి, కొంతసేపు గడిపి, ఏదైనా తిని, క్షేమంగా ఇంటికి తిరిగివచ్చే ఏర్పాటుకే. నీటి సరఫరాలాగే, వీధి దీపాల్లాగే ఇది కూడా పౌర సౌకర్యమేనని మేము భావిస్తున్నాం.

ఆ ఏర్పాటు అసాధ్యం కాదనడానికి నుమాయిషే సాక్ష్యం. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946లో ఇప్పటి మైదానానికి మారిన ఆ ప్రదర్శన ఎప్పుడు తెరుస్తారని ఈ ఊళ్లో ఎవరూ ఎవరినీ అడగరు. మామూలుగా జనవరి 1న మొదలై ఫిబ్రవరి 15 దాకా ఉంటుందని తాతల నాటి నుంచి తెలుసు. తెలుసు కాబట్టే అమ్మలు డిసెంబరు ఖర్చుల్లోంచి కొంత మిగిల్చి పెడతారు, కొత్త దుప్పటి కొనడం అప్పటికి వాయిదా వేస్తారు, జిల్లాల్లోని చుట్టాలు రాకపోకలను ఆ రోజులకు సర్దుకుంటారు. 2023లో ఆ రోజుల్లో మెట్రో రైళ్లను అర్ధరాత్రి దాకా నడిపారు. ముందే తెలిసిన తేదీ వల్ల ప్రజలకూ, రైళ్లు నడిపేవారికీ, లోపల దుకాణం పెట్టుకునేవారికీ సమానంగా మేలు జరిగింది. మిగతా వేడుకల విషయంలో ఇదే పద్ధతి ఎందుకు పాటించరన్నదే మా ప్రశ్న.

ఇక వాస్తవ పరిస్థితి, దానివల్ల మామూలు మనుషులకు జరుగుతున్న నష్టం ఇలా ఉన్నాయి.

1. చాలా కార్యక్రమాల సమాచారం ఒకటి రెండు రోజుల ముందు, కొన్నిసార్లు అదే రోజు ఉదయం, సామాజిక మాధ్యమాల్లో ఇంగ్లీషు ప్రకటనగా వెలువడుతోంది. ఆ ఖాతాలను అనుసరించేవారికి, అంటే సాధారణంగా కారు, తీరిక రెండూ ఉన్నవారికి, అది అందుతుంది. అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌కు, ఇళ్లలో పనిచేసే ఆమెకు, ఆదివారం ఒక్క పూట సెలవు దొరికే దుకాణం గుమస్తాకు అది మరునాటి పేపర్లో ఫొటోగా మాత్రమే అందుతుంది. 2021 ఆగస్టులో ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రం 5 నుంచి రాత్రి 10 దాకా వాహనాలు ఆపి, ఆ రోడ్డును నడిచేవాళ్లకు వదిలిపెట్టినప్పుడు నగరమంతా సంతోషించింది. అదే ఏడాది అక్టోబరులో చార్మినార్ దగ్గర కూడా అలాంటి సాయంత్రం మొదలైంది. హుస్సేన్‌సాగర్ గట్టు మీద పిల్లలు భయం లేకుండా పరుగెత్తడం మాలో చాలామంది మొదటిసారి చూశారు. తర్వాత అది ఆగింది, మళ్లీ సాగింది, ఏ ఆదివారం ఉంటుందో ఏ ఆదివారం ఉండదో నమ్మకంగా చెప్పగలిగేవారు లేకుండా పోయారు. ఉందనుకుని రెండు బస్సులు మారి వచ్చిన కుటుంబానికి ఎదురుగా మామూలు ట్రాఫిక్ కనిపిస్తే, ఆ కుటుంబం ఇంకోసారి రాదు. జనం రావడం లేదన్న కారణంతో ఒక మంచి ఏర్పాటు ఆగిపోయే ముందు, జనానికి చెప్పామా అని ఎవరైనా ఆలోచించి ఉండాల్సింది.

2. అన్నిటికంటే పెద్ద కష్టం తిరుగు ప్రయాణం. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద మహిళలకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం లభిస్తోంది. దీనివల్ల మా ఇళ్లలోని ఆడవాళ్లు, ఎన్నడూ కాలనీ దాటి వినోదం కోసం వెళ్లనివాళ్లు సైతం, సాలార్‌జంగ్ మ్యూజియం చూశారు, లాల్‌దర్వాజా వెళ్లి బోనం సమర్పించారు. ఇది చిన్న మార్పు కాదు, దానికి ప్రభుత్వాన్ని మనస్ఫూర్తిగా అభినందిస్తున్నాం. అయితే రాత్రి తొమ్మిది దాటిన దగ్గర నుంచి మా రూట్లలో బస్సులు పలచబడతాయి. కార్యక్రమం ముగిసే వేళకు స్టాపులో నిలబడినవారికి డిపోకు వెళ్లే ఖాళీ బస్సులే ఎక్కువగా కనిపిస్తాయి. జీరో టికెట్ హక్కు ఇచ్చి రాత్రి బస్సు ఇవ్వకపోవడం విస్తరి ముందు కూర్చోబెట్టి చేతులు కట్టేసినట్టుంది.

దాని ఫలితం చూడండి. ఆ వేళకు ఆటోలు మీటరు మీద రావు, క్యాబ్ యాప్‌లలో ధర పెరుగుతుంది. పొద్దున ఖర్చు లేకుండా వచ్చిన నలుగురు రాత్రి ఇంటికి చేరడానికి ఇచ్చే డబ్బు ఇంట్లో ఒకరి రోజు కూలీకి దగ్గరగా ఉంటుంది. ఇది తెలిసిన వాళ్లు కార్యక్రమం సగంలో లేచి వెళ్లిపోతారు. రవీంద్రభారతిలో నాటకం ఆఖరి అంకానికి వచ్చేసరికి వెనక వరుసలు ఖాళీ కావడానికి కారణం నటుల లోపం కాదు. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి చదువుకునే ఆడపిల్లలకు రాత్రి గేటు వేసే సమయం ఒకటుంటుంది కాబట్టి వాళ్లు అసలు బయలుదేరరు. మెట్రో దగ్గరలో ఉన్నవారి సంగతి కొంత మెరుగే గాని, చార్మినార్‌కూ గోల్కొండకూ మెట్రో ఇంకా చేరలేదు, ట్యాంక్‌బండ్ నుంచి స్టేషన్‌కు చీకట్లో పిల్లలతో నడవాలి. నెక్లెస్ రోడ్డుకు సొంతంగా ఒక ఎంఎంటీఎస్ లోకల్ రైలు స్టేషనే ఉంది. ఆదివారం సాయంత్రం అక్కడ దిగి, రాత్రి అక్కడే ఎక్కగలిగేలా రైళ్ల వేళలు ఉంటే ఆ రోడ్డు మీద సగం పార్కింగ్ సమస్య ఉండదని రైల్వేవారికి కూడా సవినయంగా మనవి చేస్తున్నాం.

3. వేడుకల కోసం రోడ్లు మూసినప్పుడు ట్రాఫిక్ పోలీసులు మళ్లింపుల వివరాలు పేపర్లలో స్పష్టంగా ప్రకటిస్తారు. ఎటు నుంచి వచ్చే వాహనం ఎటు తిరగాలో కూడలి పేరుతో సహా ఉంటుంది. వాహనం లేని మనిషి ఆ రోజు ఏ స్టాపులో నిలబడాలో మాత్రం అందులో కనిపించదు. బస్సు వేరే దారిన పోతుంటే మా కాలనీ పెద్దావిడ ఒకరు పాత స్టాపులోనే ఎండలో చాలాసేపు కూర్చుని, చివరకు దారిన పోయే కుర్రవాడు చెబితే తెలుసుకుని వెనక్కి వచ్చేశారు. మళ్లింపు ప్రకటనలో నాలుగు వాక్యాలు అదనంగా రాయడానికి ఏ బడ్జెట్టూ అక్కర్లేదు.

4. తిండి గురించి కాస్త వివరంగా చెప్పక తప్పదు. ఈ ఊళ్లో ఉత్సవాన్నీ తిండినీ విడదీయలేం. ఆహార సంప్రదాయాలకు గుర్తింపుగా యునెస్కో 2019లో హైదరాబాద్‌ను సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చింది. అంతకుముందే 2010లో హైదరాబాదీ హలీంకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఈ పేరు స్టార్ హోటళ్ల బఫేల వల్ల వచ్చింది కాదు. తెల్లవారుజామున నహారీ, పాయా వడ్డించే చిన్న హోటళ్లు, ఇరానీ చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్ ముంచుకునే బల్లలు, వానాకాలంలో ట్యాంక్‌బండ్ మీద బొగ్గుల మీద కాల్చే మొక్కజొన్న కంకులు, ఎండాకాలంలో తాటి ముంజలు, అంబలి, దసరా నాటికి రోడ్ల పక్క గంపల్లోకి వచ్చే సీతాఫలాలు, సాయంత్రమైతే కాలనీ మూలమీద కట్టెల పొయ్యి పెట్టుకుని జొన్నరొట్టెలు చేసే ఆడవాళ్లు, కట్ మిర్చి మీద ఉల్లిపాయ ముక్కలు చల్లి ఇచ్చే బండి: ఈ ఊరి రుచి వీళ్ల చేతుల్లో ఉంది. పెళ్లి విందుల్లో లుఖ్మీ, ఖుబానీ కా మీఠా తిన్న అనుభవం అందరికీ ఉండకపోవచ్చు గాని, మిర్చీ బజ్జీ తినని హైదరాబాదీ ఉండడు.

ఇలాంటి ఊళ్లో వేడుక రోజున జరిగేదేమిటి? మిగతా రోజుల్లో అక్కడే నిలబడే బండ్లను ముందు రోజే తొలగిస్తారు. వాటి స్థానంలో ఒకే రకం తెల్ల గుడారాలు వెలుస్తాయి. వాటి అద్దె కట్టగలిగినవారు ఆ అద్దెను మా దగ్గర రాబడతారు, చుట్టుపక్కల వేరే బండి లేదు కాబట్టి మేము ఇవ్వక తప్పదు. ఇంటి నుంచి పులిహోర కట్టుకుని పోతే కొన్ని ద్వారాల దగ్గర ఆ డబ్బాను కూడా లోపలికి రానివ్వలేదు. నిజం చెప్పాలంటే, హైదరాబాద్ రుచుల పేరుతో పెట్టిన ఉత్సవంలో జొన్నరొట్టె దొరకక ఫ్రెంచ్ ఫ్రైస్ తిని రావడం మాకు కొంత నవ్వు, కొంత బాధ కలిగించింది.

బండివారికి జరిగే నష్టం ఇంకా పెద్దది. వాళ్లకు ఏడాదిలో నాలుగు డబ్బులు మిగిలేది ఈ రోజుల్లోనే. 2020లో వీధి వ్యాపారుల కోసం మొదలైన పీఎం స్వనిధి రుణ పథకం కింద, అప్పట్లో మొదటి విడతగా ఇచ్చిన 10,000 రూపాయల అప్పు తీసుకున్నవారు వాయిదాలు కట్టేది ఈ బండి మీద వచ్చే డబ్బుతోనే. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ఐదేళ్లకోసారి సర్వే జరపాలని, నమోదైనవారికి విక్రయ ధ్రువపత్రం ఇవ్వాలని, తరలించాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని చెబుతోంది. పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలని, వారిలో మూడో వంతు మహిళలు కావాలని కూడా ఆ చట్టమే చెబుతోంది. వేడుక స్థలం ఖరారు చేసేటప్పుడు ఆ కమిటీతో ఒక మాట మాట్లాడితే ఈ తొలగింపులూ తోపులాటలూ ఉండవు.

శుభ్రత విషయంలో మిమ్మల్ని రాజీ పడమని మేము కోరడం లేదు. నగరంలో మోమోలు తిన్నవారిలో ఒక మహిళ మరణించి, అనేకమంది ఆసుపత్రి పాలైన తర్వాత, 2024 అక్టోబరులో ప్రభుత్వం పచ్చి గుడ్లతో చేసే మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. అది సరైన నిర్ణయం. కానీ బండి నడిపే మనిషికి చేతులు కడుక్కోవడానికి కుళాయి, చెత్త వేయడానికి డబ్బా, దీపానికి కరెంటు ఇవ్వకుండా, శుభ్రంగా లేరని వాళ్లను పంపించేయడం న్యాయం కాదు. తెల్ల గుడారాలకు ఇవన్నీ అమర్చిపెట్టే యంత్రాంగం పక్కనే నాలుగు వరుసల బండ్లకు అమర్చలేదా?

5. మరుగుదొడ్లు, మంచినీరు. దీన్ని బహిరంగంగా రాయడానికి మా ఇంటి ఆడవాళ్లు మొదట మొహమాటపడ్డారు, తర్వాత వాళ్లే తప్పకుండా రాయమన్నారు. కొన్ని చోట్ల మరుగుదొడ్డి ఉంటుంది, దానికి తాళం ఉంటుంది. కొన్ని చోట్ల తాళం ఉండదు, నీళ్లు ఉండవు. అందుకని వేడుకకు బయలుదేరే రోజున వాళ్లు మధ్యాహ్నం నుంచే నీళ్లు తాగడం మానేస్తారు. నాలుగైదు గంటలు ఎండలో, జనంలో ఆపుకుని తిరిగివచ్చి మూత్రంలో మంటతో డాక్టరు దగ్గరకు వెళ్లినవాళ్లు మాలో ఉన్నారు. షుగరు ఉన్న పెద్దవాళ్లు ఈ ఒక్క కారణంతో ఇల్లు కదలడం మానేశారు. బతుకమ్మ ఆడవాళ్ల పండుగ. తొమ్మిది రోజుల ఆ పండుగ చివరి సాయంత్రం వేలమంది ఆడవాళ్లు చేరే చోట వాళ్లకు కావలసిన ఈ కనీస సౌకర్యానికి వేదిక మీది దీపాలకంటే ముందు డబ్బు కేటాయించాలి. (సెల్ఫీల కోసం నిలబెట్టే పెద్ద పెద్ద అక్షరాల మీద మాకు కోపమేమీ లేదు, వాటి ముందు మేమూ ఫొటోలు దిగాం. కాకపోతే వాటి వెనక ఒక బల్ల, ఒక కుళాయి కూడా ఉంటే బాగుండేదని అక్కడ నిలబడినప్పుడు అనిపించింది.) నిమజ్జనం రోజున జలమండలి మంచినీటి శిబిరాలు ఏర్పాటు చేస్తుంది. అదే పని ఆదివారాల్లో చిన్న స్థాయిలో చేయడం కష్టం కాదు.

6. సాలార్‌జంగ్ మ్యూజియానికి, చౌమహల్లా ప్యాలెస్‌కు శుక్రవారం సెలవు. జూపార్కుకు సోమవారం సెలవు. నల్లగొండ నుంచో, సిద్దిపేట నుంచో పిల్లలతో వచ్చిన కుటుంబాలు గేటు దగ్గర ఈ సంగతి తెలుసుకుని దిగాలుగా నిలబడడం పాతబస్తీలో తరచూ కనిపించే దృశ్యం. ఎంజీబీఎస్, జేబీఎస్ బస్టాండ్ల ప్లాట్‌ఫారాల మీద ఒక బోర్డు ఉంటే చాలు.

7. చక్రాల కుర్చీలో ఉన్నవారికి, కర్ర సాయంతో నడిచేవారికి చాలా వేదికల దగ్గర ర్యాంపు లేదు. ఉన్న చోట బారికేడు అడ్డంగా ఉంటుంది.

పైన చెప్పినవాటికి సాధారణంగా వచ్చే మూడు సమాధానాలు మాకు తెలుసు. తేదీలు ముందే ప్రకటిస్తే జనం ఎక్కువై భద్రతకు ఇబ్బంది అవుతుందన్నది మొదటిది. లక్షల మంది కదిలే నిమజ్జనాన్ని ముందస్తు ప్రకటనలతో, షీ టీమ్‌ల గస్తీతో, గంట గంటకూ మారే ట్రాఫిక్ ఏర్పాట్లతో నడిపించగలిగిన పోలీసు శాఖకు, ఎంతమంది వస్తారో ముందే తెలియడం భారం కాదు, సాయం. రాత్రి పది తర్వాత లౌడ్‌స్పీకర్లు మోగకూడదన్న నిబంధన రెండోది. ఆ నిబంధనను సడలించమని మేము అడగడం లేదు. నిజానికి ధ్వని తగ్గిస్తే మాలో చాలామంది ఇంకా సంతోషిస్తారు. పది గంటలకు పాట ఆగాక పదిన్నరకు బస్సు ఉండాలన్నదే మా కోరిక. మూడోది డబ్బు. మృగశిర కార్తె రోజున చేప ప్రసాదం కోసం వచ్చేవారికి ప్రత్యేక బస్సులు నడుపుతున్నారు, గణేశ్ నిమజ్జనం రోజున మెట్రో అర్ధరాత్రి దాటాక కూడా నడిచింది. పెద్ద సందర్భాలకు దొరికే డబ్బులో చిన్న భాగం నెలకు నాలుగు ఆదివారాలకు కేటాయించమంటున్నాం. పైగా నిండుగా వెళ్లే బస్సు సంస్థకు నష్టం తెచ్చేది కాదు.

కాబట్టి మేము కోరుతున్నవి ఇవి.

పర్యాటక, సాంస్కృతిక శాఖలు కలిసి, ఏ నెలకు ఆ నెల, ముందు నెల 20వ తేదీలోగా, నగరంలో జరగబోయే ప్రజా కార్యక్రమాల పట్టికను తెలుగులోనూ, రాష్ట్ర రెండో అధికార భాష అయిన ఉర్దూలోనూ విడుదల చేయాలి. అందులో స్థలం, మొదలయ్యే వేళ, ముగిసే వేళ, ప్రవేశ రుసుము ఉందా లేదా, దగ్గరి బస్‌స్టాపు, ఆఖరి బస్సు సమయం తప్పనిసరిగా ఉండాలి. దాన్ని ఫోన్లలో పెట్టడంతో సరిపెట్టకుండా బస్‌స్టాపుల్లో, రైతుబజార్లలో, గ్రంథాలయాల్లో, బస్తీ దవాఖానాల గోడల మీద అతికించాలి. వాన వల్లో మరో కారణం వల్లో కార్యక్రమం రద్దయితే ఆ సంగతి కనీసం మధ్యాహ్నం రెండు గంటలకల్లా ఎఫ్‌ఎం రేడియోలోనూ బస్సులలోనూ చెప్పించాలి. ట్యాంక్‌బండ్ ఆదివారాలను నడపదలచుకుంటే ఏడాదికి సరిపడా తేదీలు ఒకేసారి ప్రకటించండి. నెలకు రెండే నడపగలమంటే రెండే ప్రకటించండి. ప్రకటించినవి మాత్రం జరగాలి.

రవాణా సంస్థ, వెయ్యి మందికి పైగా హాజరయ్యే ప్రతి సాయంత్రపు కార్యక్రమం దగ్గర నుంచి, అది ముగిశాక ముప్పావు గంట వరకు ఉప్పల్, ఎల్బీనగర్, మెహిదీపట్నం, సికింద్రాబాద్, చాంద్రాయణగుట్ట వైపు బస్సులు నడపాలి. అవి మహాలక్ష్మి వర్తించే సాధారణ సర్వీసులే కావాలి. ప్రత్యేక సర్వీసు పేరుతో ఎక్కువ ఛార్జీ వసూలు చేసేవి మాకు అక్కరకు రావు. ట్రాఫిక్ పోలీసుల మళ్లింపు ప్రకటనల్లో మారిన బస్‌స్టాపుల వివరం విడిగా ఇవ్వాలి.

నగరపాలక సంస్థ వేడుక స్థలంలో కనీసం మూడో వంతు చోటు ఆ ప్రాంతంలో ధ్రువపత్రం ఉన్న వీధి వ్యాపారులకు అద్దె లేకుండా లేదా నామమాత్రపు రుసుముతో కేటాయించాలి. కుళాయి, చెత్త డబ్బా, దీపం ఏర్పాటు చేశాక శుభ్రతను తనిఖీ చేయాలి, తప్పు చేసినవారిపై చర్య తీసుకోవాలి. ప్రతి తినుబండారం ధర కనిపించేలా రాసి ఉండాలి. ఇంటి నుంచి తెచ్చుకున్న అన్నం డబ్బాను, నీళ్ల సీసాను ఏ ద్వారం దగ్గరా ఆపకూడదు. మహిళల మరుగుదొడ్ల సంఖ్య పురుషులవాటికంటే తక్కువ ఉండకూడదు, వాటి దగ్గర ఆ సాయంత్రమంతా ఒక మహిళా సిబ్బంది ఉండాలి.

వీటన్నిటినీ సమన్వయం చేయడానికి నాలుగు శాఖల నుంచి ఒక్కొక్కరితో చిన్న బృందం ఏర్పాటు చేసి, దానికి బాధ్యత వహించే అధికారి హోదాను, కార్యాలయ ఫోను నంబరును ప్రకటించాలి. మేము మొదటిసారి అర్జీ పట్టుకుని వచ్చినప్పుడు లేనిది సరిగ్గా ఇదే. ఆ బృందం సమావేశాలకు పిలిస్తే కాలనీ సంఘాల తరఫున, బండివారి తరఫున రావడానికి మేము సిద్ధం.

ఈ లేఖకు రాతపూర్వకమైన జవాబు కోరుతున్నాం. ఏవి చేయగలరో, ఏవి చేయలేరో, చేయలేనివి ఎందుకు చేయలేరో చెప్పినా మాకు సమ్మతమే. ఆ జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద, మా పాత అర్జీ ఏ అధికారి దగ్గర ఏ తేదీన ఆగిందో అడగవలసి వస్తుంది. మొదటి నెల పట్టికను వచ్చే జనవరి నెలకే విడుదల చేసి, నుమాయిష్‌తో పాటు ఆ నెలలో జరిగే గాలిపటాల పండుగ, రవీంద్రభారతి కార్యక్రమాలు, ఆఖరి బస్సు వేళలు అందులో చేర్చి, డిసెంబరు 20 నాటికి మా బస్‌స్టాపుల్లో అతికించవలసిందిగా కోరుతున్నాం.

ఇట్లు,
అంబర్‌పేట, రామ్‌నగర్, విద్యానగర్, చిక్కడపల్లి ప్రాంతాల నివాసులు,
హైదరాబాద్